గెదుల్లా: హీబ్రూ బైబిల్లో ‘గొప్పతనం’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వేదాంత కళాశాలలో మొదటి ఏడాది హీబ్రూ చదివేవాళ్ళు, ప్రసంగం సిద్ధం చేసుకునే పాస్టర్లు, ఇంట్లో బైబిల్ శ్రద్ధగా చదువుకునేవాళ్ళు ఈ మాట గురించి తరచుగా అడిగేవి ఇక్కడ ఒకచోట చేర్చాను. హీబ్రూ లిపి రాకపోయినా ఇబ్బంది ఉండదు, అన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. అధ్యాయాలు, వచనాల నంబర్లు తెలుగు బైబిల్ ప్రకారం ఇచ్చాను. హీబ్రూ ప్రతిలో కొన్ని కీర్తనలకు పైనున్న శీర్షికను కూడా ఒక వచనంగా లెక్కపెడతారు. అందుకని తెలుగులో కీర్తన 34:3 అనేది అక్కడ 34:4 అవుతుంది.

గెదుల్లా అంటే ఏమిటి?

గొప్పతనం, ఘనత, పెద్దరికం. సందర్భాన్ని బట్టి ‘గొప్ప కార్యం’ అని కూడా. ఇది నామవాచకం, స్త్రీలింగం. పాత నిబంధనలో 12 సార్లు వస్తుంది.

ఎలా పలకాలి?

మొదటి అక్షరం ‘గ’కు కింద ఉండేది చాలా పొట్టి అచ్చు. దాన్ని ‘షెవా’ అంటారు. కాబట్టి ‘గె’ని సాగదీయకుండా తేల్చి పలకాలి, ‘గ్‌దుల్లా’కు దగ్గరగా వినిపించాలి. ‘ల’ మాత్రం ఒత్తుతో పలకాలి. ద్విత్వాక్షరాలు మనకు అలవాటే కాబట్టి తెలుగువాళ్ళకు ఇది కష్టం కాదు. ఊనిక చివరి ‘లా’ మీద పడుతుంది. దీనికి సోదరపదమైన ‘గోదెల్’లో ఊనిక మొదటి ‘గో’ మీద ఉంటుంది.

ఆ 12 చోట్లు ఏవి?

2 సమూయేలు 7:21, 7:23. 1 దినవృత్తాంతములు 17:19లో రెండుసార్లు, 17:21, 29:11. ఎస్తేరు 1:4, 6:3, 10:2. కీర్తన 71:21, 145:3, 145:6.

ఈ జాబితాను ఊరికే చదివి వదిలేయకండి. సమూయేలు, దినవృత్తాంతముల్లోని మొదటి ఐదూ ఒకే ప్రార్థనకు చెందినవి. నాతాను ప్రవక్త వచ్చి నీ వంశం నిలుస్తుందని చెప్పాక దావీదు దేవుని ముందు కూర్చుని చేసిన ప్రార్థన అది. అది రెండు గ్రంథాల్లోనూ ఉంది. 29:11 కూడా దావీదు ప్రార్థనే, ఆలయం కోసం ప్రజలు కానుకలు ఇచ్చినప్పటిది. కీర్తన 145కి పైన దావీదు పేరే ఉంది. అంటే ఈ మాట ఎక్కువగా ఒక రాజు నోట, తన గొప్పతనం గురించి కాక దేవుని గొప్పతనం గురించి మాట్లాడుతుండగా వినిపిస్తుంది. మనుషుల గొప్పతనానికి వాడింది నాలుగు చోట్లే. అందులో మూడు ఎస్తేరు గ్రంథంలో ఉన్నాయి.

దీని ధాతువు ఏమిటి?

గీమెల్, దాలెత్, లామెద్ అనే మూడు హల్లులు, అంటే గ-ద-ల. ‘గాదోల్’ అనే విశేషణం, ‘గాదల్’ అనే క్రియ, ‘గోదెల్’, ‘గెదుల్లా’ అనే నామవాచకాలు అన్నీ ఇందులోంచి వచ్చాయి.

గాదోల్‌ను అర్థం చేసుకోవడానికి మన ‘పెద్ద’ చాలు. పెద్ద చేప, పెద్ద కొడుకు, ఊరి పెద్ద, పెద్ద గాలి... తెలుగులో ఒకే మాట ఇన్నిటికి సరిపోయినట్టే హీబ్రూలో గాదోల్ సరిపోతుంది. ఆదికాండము 27:1లో ఏశావు ఇస్సాకుకు ‘పెద్ద కుమారుడు’, అక్కడ గాదోల్ వయసును చెబుతోంది. ప్రధాన యాజకుడు ‘కోహెన్ గాదోల్’. మధ్యధరా సముద్రం ‘మహా సముద్రం’, యూఫ్రటీసు ‘మహా నది’, రెండింటికీ ఇదే విశేషణం.

ఈ మాట రుచి తెలియాలంటే యోనా గ్రంథం చదవాలి. నాలుగే అధ్యాయాల్లో గాదోల్ 14 సార్లు వస్తుంది. పెద్ద పట్టణం, పెద్ద గాలి, పెద్ద తుపాను, పెద్ద భయం, పెద్ద మత్స్యం. సొరచెట్టు నీడ దొరికినప్పుడు యోనాకు కలిగింది పెద్ద సంతోషం. నీనెవె మారినప్పుడు అతనికి కలిగింది పెద్ద చింత. ఆ కథలో యోనా మనసు తప్ప అన్నీ పెద్దవే అని నాకు అనిపిస్తుంది.

క్రియగా వాడినప్పుడు అర్థం ఎందుకు మారుతూ ఉంటుంది?

హీబ్రూ క్రియకు ‘బిన్యాన్’లు అనే రూపాలు ఉంటాయి. ధాతువు అదే ఉంటుంది, కానీ పని ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అన్నది రూపాన్ని బట్టి మారుతుంది. ఇది మనకూ కొత్త కాదు. ‘పెరుగు’ అంటే తానుగా ఎదగడం, ‘పెంచు’ అంటే ఇంకొకరిని ఎదిగేలా చేయడం. హీబ్రూలో ‘కల్’ రూపానికీ ‘పిఏల్’ రూపానికీ మధ్య ఉన్నది సరిగ్గా ఈ తేడానే.

కల్ రూపం: ఆదికాండము 21:8లో ఇస్సాకు ‘పెరిగి పాలు విడిచెను’. హీబ్రూలో ‘వయ్యిగ్దల్’. నిర్గమకాండము 2లో మోషే పెరిగాడు, 1 సమూయేలు 3:19లో సమూయేలు పెరిగాడు, అక్కడా ఇదే రూపం. ఆదికాండము 26:13లో మాత్రం ఎదిగింది ఒళ్ళు కాదు, ఆస్తి. ఇస్సాకు కలిమి అంతకంతకూ పెరగడాన్ని చెప్పడానికి ఆ ఒక్క వచనంలో ఈ ధాతువును మూడుసార్లు వాడారు.

పిఏల్ రూపం: యెషయా 1:2లో ‘నేను పిల్లలను పెంచి గొప్పవారినిగా చేసితిని’ అని ఉంది కదా, ఆ ‘పెంచి’ హీబ్రూలో ‘గిద్దల్తీ’. అబ్రాముతో ‘నీ నామమును గొప్ప చేయుదును’ అన్నదీ (ఆదికాండము 12:2) పిఏలే. యోనా 4:10లో సొరచెట్టు గురించి దేవుడు ‘నీవు పెంచకుండను’ అంటాడు, అదీ ఇదే. సంఖ్యాకాండము 6:5లో నాజీరు తల వెంట్రుకలు పెంచుకోవడానికి కూడా ఈ రూపమే వాడారు. పిల్లవాడు, చెట్టు, వెంట్రుకలు, ఒక మనిషి పేరు, అన్నిటికీ ఒకే క్రియ.

దీని కర్మణి రూపం ‘పుఅల్’. అది కీర్తన 144:12లో ‘ఎదిగిన మొక్కలవలె’ ఉన్న కుమారుల గురించి వస్తుంది.

హిఫీల్ రూపం: ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇది మంచికీ చెడుకీ రెండు వైపులా వెళ్తుంది. కీర్తన 126:2, 3లో యెహోవా గొప్ప కార్యాలు చేశాడు, ‘హిగ్దీల్’. కీర్తన 35:26లో శత్రువులు నా మీద తమను గొప్ప చేసుకుంటున్నారు, అదీ హిఫీలే. ఓబద్యా 12లో ఎదోముతో ‘నీ నోటిని పెద్దది చేసుకోవద్దు’ అన్న అర్థంతో వస్తుంది. మనం కూడా ‘పెద్ద నోరేసుకుని’ అంటాం కదా.

హిత్పఏల్ రూపం: తనను తాను గొప్ప చేసుకోవడం. యెహెజ్కేలు 38:23లో దేవుడు తన గురించి తానే అంటాడు. యెషయా 10:15లో రంపం తనను లాగేవాడి మీద గొప్పలు పోతుందా అని అడిగేటప్పుడు కూడా అదే రూపం.

గోదెల్, గెదుల్లా రెండూ ‘గొప్పతనమే’ అయితే తేడా ఏమిటి?

అర్థాలు చాలావరకు కలిసిపోతాయి. ద్వితీయోపదేశకాండము 32:3లోని ‘మన దేవుని మహాత్మ్యమును కొనియాడుడి’ అన్న మాటలో హీబ్రూ పదం గోదెల్. కీర్తన 145:3లో అదే ‘మహాత్మ్యము’ గెదుల్లా.

అయినా వాడుకలో ఒక మొగ్గు కనిపిస్తుంది. గోదెల్ ఎక్కువగా ‘ఎంత పెద్దది’ అన్న పరిమాణాన్ని చెబుతుంది. సంఖ్యాకాండము 14:19లో మోషే ‘నీ కృప ఎంత గొప్పదో దానికి తగ్గట్టు క్షమించు’ అని వేడుకున్నప్పుడు వాడింది గోదెల్. తెలుగు బైబిల్లో అది ‘కృపాతిశయము’ అన్న సమాసంలో కలిసిపోయింది. యెహెజ్కేలు 31లో ఫరోను దేవదారు వృక్షంతో పోల్చి ‘నీ గొప్పతనంలో నీకు సాటి ఎవరు’ అన్నప్పుడూ గోదెలే. ఇక గెదుల్లా పదవిని, గౌరవాన్ని, కళ్ళకు కనబడే కార్యాన్ని చెబుతుంది. అందుకే దీనికి ‘గొప్ప పనులు’ అనే అర్థంలో బహువచనం వచ్చింది. గోదెల్‌కు బైబిల్లో బహువచనం కనబడదు.

ఆధునిక హీబ్రూలో ఈ మొగ్గు ఇంకా స్థిరపడింది. ఇవాళ ఇశ్రాయేల్‌లో గోదెల్ అంటే సైజు.

గెదుల్లా వ్యాకరణం కొంచెం వివరంగా చెప్పగలరా?

హీబ్రూలో ఒకే అచ్చులో పోసినట్టుండే స్త్రీలింగ నామవాచకాలు కొన్ని ఉన్నాయి. ‘గెఉల్లా’ అంటే విమోచన, ‘సెగుల్లా’ అంటే స్వకీయ సంపాద్యం (నిర్గమకాండము 19:5), ‘పెఉల్లా’ అంటే పని లేదా దాని ప్రతిఫలం. గెదుల్లా కూడా ఈ వరసలోదే. చివరి ‘ఆ’ స్త్రీలింగ ప్రత్యయం. స్త్రీలింగం అంటే ఆడవాళ్ళకు సంబంధించిందని కాదు, ఇది భాషలో పదానికి ఉండే తరగతి మాత్రమే. వాక్యంలో దీని చుట్టూ ఉన్న మాటలు కూడా స్త్రీలింగంలోకి మారతాయి. 2 సమూయేలు 7:21లో ‘ఈ గొప్ప కార్యమంతా’ అన్నచోట ‘ఈ’ అనే మాటకు స్త్రీలింగ రూపమైన ‘జోత్’ వచ్చింది.

వెనకాల ఇంకో నామవాచకం చేరితే చివర ‘త్’ వస్తుంది. ‘మొర్దెకై గొప్పతనం’ అనాలంటే ‘గెదుల్లత్ మొర్దొఖాయ్’ (ఎస్తేరు 10:2). సర్వనామాలు కూడా అలాగే అతుక్కుంటాయి: ‘గెదుల్లాతీ’ నా గొప్పతనం, ‘గెదుల్లాతో’ ఆయన గొప్పతనం. బహువచనం ‘గెదుల్లోత్’. 1 దినవృత్తాంతములు 17:19లో ఏకవచనమూ బహువచనమూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఒక తికమక గురించి ముందే చెప్పాలి. గాదోల్‌కు స్త్రీలింగ బహువచనం ‘గెదోలోత్’. దాన్నీ ‘గొప్ప కార్యాలు’ అనే అర్థంలో వాడతారు, కీర్తన 71:19లో లాగా. గెదుల్లోత్, గెదోలోత్ వినడానికి దగ్గరగా ఉంటాయి కానీ ఒకటి నామవాచకం, ఇంకొకటి విశేషణం.

గోదెల్ గురించి కూడా ఒక ముచ్చట. దానికి ‘ఆయన’ అన్న ప్రత్యయం చేరితే సాధారణంగా ‘గొద్‌లో’ అవుతుంది. కీర్తన 150:2లో మాత్రం ‘గుద్‌లో’ అని ఉంది. ఆ పదంలో మొదట ఉండిన పాత ‘ఉ’కారం అక్కడ బయటపడింది. గెదుల్లాలో ‘దు’ దగ్గర మనకు వినబడేదీ ‘ఉ’కారమే.

కీర్తన 145:3లో వాక్యం ఎలా కట్టారు?

తెలుగులో: ‘యెహోవా మహాత్మ్యముగలవాడు ఆయన అధికస్తోత్రము నొందదగినవాడు ఆయన మహాత్మ్యము గ్రహింప శక్యము కానిది’.

హీబ్రూలో చివరి భాగం మూడే మాటలు: ‘వెలిగ్‌దుల్లాతో ఏన్ హేకెర్’. ‘వె’ అంటే మరియు. ‘లి’ అంటే -కి. ‘గ్‌దుల్లాతో’ అంటే ఆయన గొప్పతనం. ‘ఏన్’ అంటే లేదు. ‘హేకెర్’ అంటే వెదికి చూడడం, లోతు కనుక్కోవడం. వరుసగా పెడితే ‘ఆయన గొప్పతనానికి అంతు లేదు’ అవుతుంది. చతుర్థి విభక్తి, తరవాత ‘లేదు’. మనం మామూలుగా మాట్లాడుకునే తెలుగు వాక్యం కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. ఇక్కడ తెలుగువాళ్ళకు హీబ్రూ దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది.

ఈ కీర్తన అక్షరమాల వరుసలో రాసింది. మొదటి వచనం ఆలెఫ్‌తో, రెండోది బేత్‌తో, మూడోది గీమెల్‌తో మొదలవుతాయి. గీమెల్ వంతు వచ్చినప్పుడు కవి ఎంచుకున్న మాట గాదోల్. అదే వచనం చివర గెదుల్లా పెట్టి ముగించాడు.

ఎనిమిదో వచనం ఇంకా బాగుంటుంది. నిర్గమకాండము 34:6లో దేవుడు తన గురించి ప్రకటించుకున్నప్పుడు ‘విస్తారమైన కృప’ అనడానికి ‘రవ్’ అనే మాట ఉంది, అంటే మెండుగా, అధికంగా. కీర్తన 145:8 ఆ మాటల్నే తిరిగి చెబుతుంది, కానీ ‘రవ్’ తీసేసి ‘గెదోల్ హెసెద్’ అంటుంది. కృపలో గాదోల్. తర్వాత 14వ వచనంలో పడిపోయేవాళ్ళను ఎత్తేవాడు, 15, 16 వచనాల్లో ప్రతి జీవికీ తగిన కాలంలో ఆహారం పెట్టేవాడు వస్తారు. ఈ కవి దృష్టిలో అంతు దొరకని గొప్పతనం ఎలా పనిచేస్తుందో అక్కడ తెలుస్తుంది. 145:3 మీద ప్రసంగం చేసేవాళ్ళు మూడో వచనం దగ్గరే ఆగిపోతే సగం చెప్పినట్టే.

145:6లో ‘గొప్పతనం’ అనాలా, ‘గొప్ప కార్యాలు’ అనాలా?

రెండింటికీ ఆధారం ఉంది. హీబ్రూ ప్రతుల్లో కొన్నిచోట్ల రాసిన అక్షరాలు ఒకటి, చదవమని అంచున సూచించింది ఇంకొకటి ఉంటాయి. రాసినదాన్ని ‘కెతీవ్’ అని, చదవాల్సినదాన్ని ‘కెరే’ అని అంటారు. ఇక్కడ రాసింది బహువచనం, ‘నీ గొప్ప కార్యాలు’. చదవమన్నది ఏకవచనం, ‘నీ గొప్పతనం’. తర్వాత వచ్చే క్రియ ‘అసప్పెరెన్నా’, అంటే ‘దాన్ని వివరిస్తాను’. అందులో ఉన్న ‘దాన్ని’ స్త్రీలింగ ఏకవచనం. అందుకని ఏకవచనమే బాగా అతుకుతుందని నా అభిప్రాయం. తెలుగు బైబిల్ కూడా ‘నేను నీ మహాత్మ్యమును వర్ణించెదను’ అని ఏకవచనమే తీసుకుంది.

1 దినవృత్తాంతములు 29:11లో ఇది మొదట రావడానికి ఏమైనా ప్రత్యేకత ఉందా?

‘మహాత్మ్యమును పరాక్రమమును ప్రభావమును తేజస్సును ఘనతయు నీకే చెందుచున్నవి’. హీబ్రూలో క్రమం ఇది: గెదుల్లా, గెవురా, తిఫ్‌ఎరెత్, నేత్సహ్, హోద్. ప్రతిదానికీ ముందు ‘హ’ అనే నిర్దేశకం (ఇంగ్లీషు ‘ద’ లాంటిది) ఉంది. ‘చెందుచున్నవి’ అన్న క్రియ హీబ్రూలో లేదు. ‘నీదే, యెహోవా, గెదుల్లా...’ అని క్రియ లేకుండానే వాక్యం నడుస్తుంది. మనం ‘ఈ ఇల్లు నాది’ అన్నట్టే.

తర్వాతి కాలంలో కబ్బాలా అనే యూదుల మర్మవాద సంప్రదాయం ఈ వచనాన్ని చాలా పట్టించుకుంది. దేవుడు తనను వెల్లడి చేసుకునే పది ‘సెఫిరోత్’లలో కొన్నిటి పేర్లు ఈ వరస నుంచే తీసుకున్నారు. నాలుగోదానికి ‘హెసెద్’ అంటే కృప అని పేరు. దానికే గెదుల్లా అని ఇంకో పేరు ఉంది. కబ్బాలా బైబిల్ తర్వాత ఎన్నో శతాబ్దాలకు వచ్చింది కాబట్టి దాని అర్థాల్ని దావీదు ప్రార్థనలోకి వెనక్కి తోసి చదవకూడదు.

ఎస్తేరు గ్రంథంలో ఈ మాట ఏం చేస్తోంది?

నన్ను అడిగితే ఈ మాట మీద పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మొదటి అధ్యాయంలో అహష్వేరోషు 180 రోజులపాటు తన సంపదను, తన గెదుల్లాను అందరికీ చూపించుకుంటాడు. గొప్పతనం అక్కడ ప్రదర్శనకు పెట్టిన సొమ్ము. మూడో అధ్యాయం మొదట్లో రాజు హామానును గొప్ప చేస్తాడు, పిఏల్ రూపంలో ‘గిద్దల్’. ఆరో అధ్యాయంలో రాజుకు నిద్ర పట్టదు. రాజ్య చరిత్ర చదివించుకుంటుంటే మొర్దెకై తన ప్రాణం కాపాడిన సంగతి బయటపడుతుంది. ‘దీనికి మొర్దెకైకి ఏ ఘనత, ఏ గెదుల్లా చేశారు?’ అని అడుగుతాడు. ఏమీ చేయలేదని సేవకులు చెబుతారు. చివరికి 10:2లో ‘రాజు గొప్ప చేసిన మొర్దెకై గొప్పతనం’ అని నామవాచకమూ క్రియా ఒకే చోట కలుస్తాయి: ‘గెదుల్లత్ మొర్దొఖాయ్ అషెర్ గిద్దెలో హమ్మెలెఖ్’. హామానును ఎత్తిన క్రియే మొర్దెకైని కూడా ఎత్తింది. దేవుని పేరు ఒక్కసారి కూడా రాని గ్రంథంలో రచయిత ఈ ఒక్క ధాతువుతో కథ తిరగబడడాన్ని చూపించాడు. తెలుగులో చదివితే ఈ లంకె సులభంగా కనబడదు, అందుకే ఇంత చెప్పాల్సి వచ్చింది.

మనిషి తన కోసం గొప్పతనం అడగవచ్చా? కీర్తన 71:21లో అడిగాడు కదా?

‘నా గొప్పతనమును వృద్ధిచేయుము నా తట్టు మరలి నాకు నెమ్మది కలుగజేయుము’. అడిగింది ఎవరో చూడండి. తల నెరిసిన ముసలివాడు (18వ వచనం), శత్రువులు ‘దేవుడు వాణ్ణి వదిలేశాడు’ అంటున్నవాడు (11వ వచనం). పోయిన గౌరవం తిరిగి రావాలని అడుగుతున్నాడు. రెండు వచనాల ముందే 19లో దేవుని గెదోలోత్‌ను, ఆయన చేసిన గొప్ప కార్యాలను తలచుకున్నాడు. ఆయన గొప్ప పనులు, నా గొప్పతనం, రెండూ ఒకే ధాతువు, ఆ క్రమంలోనే.

యిర్మీయా 45:5 దీనికి ఎదురుగా నిలబడుతుంది. యిర్మీయా చెప్పింది రాసిపెట్టిన బారూకుతో దేవుడు నీ కోసం గెదోలోత్ వెదుక్కోవద్దు అంటాడు. యెరూషలేము కూలిపోయే కాలం అది, బతికి బయటపడడమే బహుమానం. ఈ రెండు వచనాల మధ్య విరోధం లేదు. ఒకచోట మనిషి ఇవ్వమని దేవుణ్ణి అడుగుతున్నాడు, ఇంకోచోట తానే వెదుక్కుంటున్నాడు.

యూదు గురువులు ఈ మాటనే పట్టుకున్నారు. యూదు గురువుల బోధల సంకలనమైన తల్మూదులో, ఎరువీన్ అనే భాగం 13బిలో, హిల్లేలు అనే గురువు శిష్యుల గురించి చెబుతూ, గెదుల్లా వెంటపడేవాడి నుంచి గెదుల్లా పారిపోతుందనీ, దాన్నుంచి పారిపోయేవాడి వెంట అది వస్తుందనీ అంటారు. వ్యాకరణం చదివేవాళ్ళు గమనించండి: ‘పారిపోతుంది’ అన్న ‘బోరహత్’ స్త్రీలింగంలో ఉంది.

ఈ ధాతువుకు ‘గర్వం’ అనే అర్థం కూడా ఉందా?

ఉంది. యెషయా 9:9, 10:12లో ‘గోదెల్ లేవావ్’ అని ఉంది. మాటకు మాట పెడితే గుండె పెద్దదవడం, అర్థం మాత్రం పొగరు. ఇక్కడ తెలుగు మనసు పొరబడే అవకాశం ఉంది. మనకు పెద్ద మనసు అంటే ఉదారత. హీబ్రూలో అది తలకెక్కిన గర్వం. గెదుల్లా అన్న నామవాచకం మాత్రం బైబిల్లో ఎక్కడా గర్వం అన్న అర్థంలో రాలేదు.

‘గాదల్ అంటే అసలు అర్థం మెలిపెట్టడం, కాబట్టి గొప్పతనం అంటే దేవునితో పెనవేసుకోవడం’ అని విన్నాను. నిజమేనా?

ఇది యూట్యూబ్ ప్రసంగాల్లో బాగా తిరుగుతోంది. దీనికి మూలం ద్వితీయోపదేశకాండము 22:12లో వస్త్రానికి పెట్టే కుచ్చులను చెప్పే ‘గెదిలీమ్’ అనే మాట. అవే మూడు హల్లులు, అర్థం మెలిపెట్టిన దారం. అరబ్బీలో కూడా దీనికి దగ్గరి క్రియకు పేనడం అనే అర్థం ఉంది. ఈ రెండింటికీ దూరపు చరిత్రలో సంబంధం ఉందనుకున్నా, దావీదు ‘లిగ్‌దుల్లాతో’ అన్నప్పుడు అతని మనసులో దారం లేదు. పదం పుట్టుక వేరు, వాడుకలో దాని అర్థం వేరు. ప్రసంగం వినడానికి ఇంపుగా ఉంటుంది, నిజమే. కానీ వచనం చెప్పని మాటను వచనం చేత చెప్పించడం వాక్యాన్ని గౌరవించడం కాదు.

‘మిగ్దాల్’ అంటే గోపురం. అది మాత్రం ఈ కుటుంబానికి చెందిందే. బాబెలు గోపురం మిగ్దాల్. సామెతలు 18:10లో యెహోవా నామం బలమైన దుర్గం, అదీ మిగ్దాలే. ఆదికాండము 11లో మనుషులు గోపురం కట్టి పేరు సంపాదించుకోవాలనుకున్నారు. 12లో దేవుడే అబ్రాము పేరును గొప్ప చేస్తానన్నాడు. పక్కపక్కనే ఉన్న అధ్యాయాల్లో ఈ ధాతువు ఇలా ఎదురుబొదురుగా నిలబడడం వచనాల్లో ఉన్నదే, మనం తెచ్చిపెట్టింది కాదు.

కావోద్, గెవురాలతో దీనికి తేడా?

కావోద్ అంటే మహిమ. దాని ధాతువుకు బరువు అనే అర్థం ఉంది. గెవురా అంటే పరాక్రమం, బలం. గెదుల్లా అంటే ఎదిగిన స్థాయి, పెద్దరికం.

తెలుగు బైబిల్లో ఒక్క పదానికి ఇన్ని పదాలు ఎందుకు?

మహాత్మ్యము, గొప్పతనము, ఘనత, గొప్ప కార్యము. సందర్భాన్ని బట్టి అనువాదకులు మార్చుకున్నారు, అందులో తప్పేమీ లేదు. దేవుని విషయంలో సంస్కృత పదమైన మహాత్మ్యము, కీర్తన 71లో మనిషి విషయంలో తెలుగు మాట గొప్పతనము వాడారు. గోదెల్‌కు కూడా ఒకచోట మహాత్మ్యము, ఇంకోచోట మహిమ (ద్వితీయోపదేశకాండము 3:24), కీర్తన 150:2లో మహా ప్రభావము వచ్చాయి. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ తెలుగు పదాన్ని మాత్రమే పట్టుకుని ‘ఇక్కడా మహిమే, అక్కడా మహిమే’ అని లంకె వేస్తే పొరబాటు జరగవచ్చు. ఒకచోట అది కావోద్ కావచ్చు, ఇంకోచోట గోదెల్.

కొత్త నిబంధనలో ఈ మాట ఉందా?

కొత్త నిబంధన గ్రీకులో ఉంది కాబట్టి సూటిగా లేదు. కానీ పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్తువజింతులో గెదుల్లాను ‘మెగలోసునే’ అని మార్చారు, కీర్తన 145:3లోనూ 1 దినవృత్తాంతములు 29:11లోనూ. ఆ మెగలోసునే హెబ్రీయులకు 1:3లో కనిపిస్తుంది. ‘మహామహుడగు దేవుని కుడిపార్శ్వమున’ అన్నచోట ‘మహామహుడు’ అదే. యూదా 25లో ‘మహిమయు మహాత్మ్యమును ఆధిపత్యమును అధికారమును’ అన్నప్పుడు ఆ మహాత్మ్యము కూడా అదే. యూదా ఆ స్తుతి రాసేటప్పుడు దావీదు ప్రార్థన లయ అతని చెవిలో ఉందని నమ్మడం నాకు కష్టం కాదు.

యూదుల ప్రార్థనల్లో ఇప్పటికీ వినబడుతుందా?

రోజూ వినబడుతుంది. కీర్తన 145ను రోజుకు మూడుసార్లు చదివే ఆచారం ఉంది. చనిపోయినవారి కోసం చెప్పే కద్దీష్ ‘యిత్‌గద్దల్ వెయిత్‌కద్దష్’ అని మొదలవుతుంది, ‘ఆయన గొప్ప నామం ఘనపరచబడాలి, పరిశుద్ధపరచబడాలి’ అని. ఆ రెండు క్రియలకు ఆధారం యెహెజ్కేలు 38:23. ఆత్మీయుణ్ణి పోగొట్టుకున్నవాళ్ళు పలికే ఆ ప్రార్థనలో మరణం అన్న మాటే ఉండదు. మొదటి మాటే ఈ ధాతువు.

విశ్రాంతి దినం ముగిసే వేళ చదివే వాటిలో రబ్బీ యోహానాన్ చెప్పిన మాట ఒకటి ఉంది: దేవుని గెదుల్లా ఎక్కడ కనిపిస్తుందో అక్కడే ఆయన తగ్గింపు కూడా కనిపిస్తుంది. దానికి చూపించే వచనాల్లో ద్వితీయోపదేశకాండము 10:17, 18 ఉన్నాయి. ముందు ‘గొప్ప దేవుడు’, వెంటనే తండ్రి లేనివాడికి, విధవరాలికి న్యాయం తీర్చేవాడు.

ఈ ధాతువుతో పేర్లు ఉన్నాయా?

గెదల్యా అంటే ‘యెహోవా గొప్పవాడు’. బబులోను రాజు యూదా మీద అధికారిగా పెట్టినవాడు ఇతనే (2 రాజులు 25:22). ఇతని హత్యను తలచుకుని యూదులు ఉపవాసం ఉంటారు. హేమాను కుమారుల్లో ఒకడి పేరు గిద్దల్తీ (1 దినవృత్తాంతములు 25:4), అంటే ‘నేను గొప్ప చేశాను’. మగ్దలేనే మరియ పేరులోని మగ్దల ఊరి పేరుకు కూడా గోపురం అనే అర్థమే చెబుతారు.

హీబ్రూ రానివాళ్ళు ఇదంతా ఎలా సరిచూసుకోవాలి?

జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన పదసూచికలోని నంబర్లు ఇప్పుడు ఫోన్ యాప్‌లలో కూడా దొరుకుతాయి. హీబ్రూ విభాగంలో గాదోల్ 1419, గెదుల్లా 1420, గాదల్ క్రియ 1431, గోదెల్ 1433, మిగ్దాల్ 4026. నంబర్ నొక్కితే ఆ మాట వచ్చిన వచనాలన్నీ వస్తాయి. 1 దినవృత్తాంతములు 17:19ని రెండుగా లెక్కేసి గెదుల్లాకు 12 వచ్చాయో లేదో మీరే లెక్కపెట్టండి.

అయితే 1431 దగ్గర ఒక చిక్కు ఉంది. నంబర్ ధాతువును మాత్రమే చూపిస్తుంది, బిన్యాన్‌ను చూపించదు. కల్, పిఏల్, హిఫీల్ అన్నీ ఆ ఒక్క నంబర్ కిందే ఉంటాయి. పిల్లవాడు పెరగడం, దేవుడు పేరును గొప్ప చేయడం, శత్రువు విర్రవీగడం అన్నీ కలిసి ఒక పెద్ద జాబితాగా కనబడతాయి. ఆ జాబితాలోంచి నచ్చిన అర్థం ఏరుకుని మీ వచనానికి తగిలించకండి. ముందు ఆ వచనంలో క్రియ ఏ రూపంలో ఉందో చూడండి. క్రియారూపాలను కూడా చూపించే యాప్‌లు ఉన్నాయి, లేదంటే హీబ్రూ తెలిసినవాళ్ళను అడగండి. ఆ తర్వాత ఎవరు ఎవరిని గొప్ప చేస్తున్నారో వాక్యంలో వెదకండి.